కుండ దించే వేళ

మా ఇంట్లో లవ్ బర్డ్స్ మొదటిసారి కుండలో గుడ్లు పెట్టినప్పుడు వీధంతా చెప్పుకున్నాం. లెక్కపెడితే తొమ్మిది. పక్కింటి అక్క తొంగి చూసి, "ఒక్క పిట్టే తొమ్మిది పెట్టిందా రా?" అంది. అడగాల్సిన మాటే, మాకే తట్టలేదు. పద్దెనిమిది రోజుల్లో పిల్లలు రావాలి. ఇరవై దాటింది, ఇరవైఅయిదు దాటింది. ఒక రాత్రి దీపాలార్పి, సెల్‌ఫోన్ టార్చి మీద ఒక్కో గుడ్డూ పెట్టి చూశాను. అన్నీ తేటగా, బుడ్డి దీపాల్లా వెలిగాయి. లోపల ఒక్క ఎర్ర నరం లేదు. అంగడాయన జత అని చెప్పి ఇచ్చినవి రెండూ ఆడవే.

ఆ తర్వాత పదేళ్ళలో ఈ కామసముద్రంలోనూ, కేజీఎఫ్‌లోనూ, బంగారుపేటలోనూ పిట్టలు సాకేవాళ్ళ ఇళ్ళకు చాలాసార్లు పోయాను. దొరికిన పుస్తకాలు చదివాను. ఒకరు చెప్పింది ఇంకొకరు కొట్టేస్తారు. ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అని నాకు తేలినంత మేరకు ఇక్కడ చెబుతాను.

పేరుతోనే మొదలుపెట్టాలి. మనం లవ్ బర్డ్స్ అనేవి లవ్ బర్డ్స్ కావు. అసలైనవి ఆఫ్రికా పిట్టలు; తోక పొట్టి, ముక్కు బండ. మన పంజరాల్లో ఉన్నది ఆస్ట్రేలియా చిలక, బడ్జెరిగార్, ముద్దుగా బడ్జీ. దీని ముక్కు మొదట్లో మైనం అద్దినట్టు చిన్న బుడిపె ఉంటుంది. ఈడొచ్చిన మగదానికి అది నీలం. ఆడదానికి తెలుపు కలిసిన గోధుమరంగు. గుడ్లకొచ్చే రోజుల్లో ముదురు గోధుమకు తిరిగి, పొలుసులు కట్టినట్టు గరుకెక్కుతుంది. ఇంత సులువైతే మేమెందుకు మోసపోయాం? అంగళ్ళకు వచ్చేవి ఎక్కువగా పిల్లలు. పిల్లకు నుదుటి చారలు ముక్కు దాకా దిగి ఉంటాయి, కన్ను మొత్తం నల్లటి పూస. మూడు నాలుగు నెలలకు మొదటిసారి ఈకలు రాల్చాకే నుదురు తేటపడుతుంది. ఆ లోపల మగా ఆడా చెప్పడం చేయి తిరిగినవాళ్ళకే ఒక్కోసారి తప్పుతుంది. పైగా పసుపు లుటినో, తెల్ల ఆల్బినో మగవాటికి ఆ బుడిపె ఎప్పటికీ నీలం కాదు. గులాబీ కలిసిన ఊదాగానే ఉండిపోతుంది. కాబట్టి పిల్లల జత కొనేవాళ్ళు రెండు కాదు, నాలుగు తెచ్చుకుని ఆగి చూడడం మేలు. నాలుగూ ఒకే పంజరం నుంచి తెచ్చుకుంటే మాత్రం అన్నాచెల్లెళ్ళకే జత కలిపినట్టు కావచ్చు. రెండు చోట్ల నుంచి తేవాలి.

ఇక ఈ పిట్ట నడవడి అర్థం కావాలంటే దాని పుట్టినూరి వాన సంగతి తెలియాలి. ఆస్ట్రేలియా నడిమి భూములు ఎండుభూములు. వాన ఎప్పుడొస్తుందో, ఎక్కడ పడుతుందో చెప్పలేం. బడ్జీలు మందలు మందలుగా, ఒక్కోసారి వేలలో, వానను వెతుక్కుంటూ తిరుగుతాయి. వాన పడ్డచోట గడ్డి వెన్ను వేస్తుంది. గింజ పాలు పోసుకుంటుంది. అంతే, కనబడిన చెట్టు తొర్రలో గుడ్లు. గింజ ఉన్నన్నాళ్ళూ ఒక ఈత మీద ఇంకో ఈత. గింజ అయిపోగానే ఆపేసి ఎగిరిపోతాయి. మనుషుల్లా ముహూర్తాలు చూసుకునే తీరిక వాటికి లేదు. మగపిట్ట ఏడాది పొడవునా దాదాపు సిద్ధంగానే ఉంటుంది.

ఆ పిట్టను తెచ్చి మనం పంజరంలో పెట్టాం. రోజూ మేత గిన్నె నిండుగా, నీళ్ళ గిన్నె నిండుగా. దాని లెక్కలో అది ఎడతెరిపి లేని వానాకాలం. ఎగిరిపోయే కరువు ఎన్నటికీ రాదు. కుండ ఒకటి వేలాడదీస్తే చాలు, పెడుతూనే ఉంటుంది, ఒళ్ళు గుల్లయ్యేదాకా. బడ్జీలు ఈనడం లేదని బాధపడేవాళ్ళకు సలహాలు కోకొల్లలు. ఈనుతూనే ఉన్న పిట్టను ఎట్లా ఆపాలో చెప్పేవాళ్ళు తక్కువ. నన్నడిగితే ఈ పనిలో నేర్పంతా ఆ రెండోదానిలోనే ఉంది.

ఆ తొర్రల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. బడ్జీలు సొంత దేశంలో గూడు కట్టే చెట్లలో మొదటిది నీలగిరి, కోస్తావాళ్ళు జామాయిల్ అనేది. అదే చెట్టు మన కోలారు జిల్లాను కమ్మేసింది. మన దేశంలో దీన్ని మొదట నాటింది 1790 ప్రాంతంలో నందికొండ మీద, టిప్పు తోటలో అంటారు. 2007 దాకా ఆ కొండ మన కోలారు జిల్లాలోదే. నీళ్ళు తాగేస్తోందని 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్ని ఆపింది. చెరువుల సంగతి ఎట్లా ఉన్నా, పిట్టలు సాకేవాడికి అది కొట్టుకొచ్చుకోదగ్గ కొమ్మ. అంగట్లో వచ్చే నున్నటి ప్లాస్టిక్ కడ్డీలన్నీ ఒకే లావు. వాటి మీద రాత్రింబగళ్ళు నిలబడితే పాదం ఒకేచోట ఒత్తుకుపోయి పుండవుతుంది. నీలగిరి, వేప, జామ కొమ్మలు చోటుకో లావు. పిట్ట తొక్క కొరుక్కుంటుంది, ముక్కు అరుగుతుంది, పొద్దు గడుస్తుంది. పురుగుమందు పడని చెట్టు చూసుకుని, కడిగి, ఎండబెట్టి వేయాలి.

ఇక పేరూ రంగుల సంగతి. ఈ పిట్టకు శాస్త్రీయంగా మొదట పేరు పెట్టింది 1805లో జార్జ్ షా. ప్రాణంతో ఇంగ్లండుకు తెచ్చింది 1840లో జాన్ గౌల్డ్. అడవి బడ్జీ పచ్చనిదే. పసుపు ముఖం, వీపున నల్ల అలలు. బెల్జియం పంజరాల్లో 1880 ప్రాంతంలో నీలం పిట్ట పుట్టింది. 1920లలో జపానులో ఆ నీలానికి వెర్రెత్తిపోయి అడిగినంత పోశారు. జర్మనీలోని బ్రేమెన్‌లో హాన్స్ డుంకర్ అనే బడిపంతులు ఆ రోజుల్లోనే ఈ రంగులు తరం నుంచి తరానికి ఎట్లా దిగుతాయో లెక్క కట్టాడు. నీలం ఎక్కడి నుంచో వచ్చి చేరిన రంగు కాదు, పసుపు తప్పిపోతే మిగిలింది. 2017లో పరిశోధకులు ఆ పసుపును తయారుచేసే జన్యువును పట్టుకున్నారు. అందులో ఒకే ఒక్క చిన్న మార్పు వల్ల పసుపు ఆగిపోయి పచ్చపిట్ట నీలంపిట్ట అవుతుందని తేలింది. మన ఇంటికి ఇది ఎట్లా పనికొస్తుందంటే, పచ్చ జతకు నీలం పిల్ల పుట్టిందని పక్కింటి పిట్టను అనుమానించక్కర్లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ లోపల నీలాన్ని దాచుకుని ఉంటే నాలుగింట ఒకటి అట్లా పుట్టే వీలుంది. రంగుల వేటలో పడి దగ్గరి చుట్టరికాల్లో జత కలుపుతూ పోవడం మాత్రం నాకు నచ్చని పని. తల పెద్దగా, ఈకలు గుబురుగా ఉండే పోటీ పిట్టలను చూస్తే ముచ్చటే, కానీ మన సన్నపిట్టకున్న గట్టితనం వాటిలో కనబడదు.

మేత దగ్గర మనవాళ్ళకు పుట్టుకతో వచ్చిన వాటం ఉంది. అంగట్లో కంగణి అని అమ్మేది మన కొర్రలే. తమిళవాళ్ళు తినై, కన్నడంలో నవణె. చేలల్లో రాగి సాళ్ళ మధ్య కొర్ర సాళ్ళు వేసిన కాలం పెద్దవాళ్ళకు గుర్తే. మధ్యలో వాటిని పిట్టల మేతకు దించేశాం. ఇప్పుడు సిరిధాన్యాలని మళ్ళీ మనుషుల పళ్ళెంలోకి ఎక్కాయి. పిట్టకూ షుగరు పేషెంటుకూ ఒకే మూట నుంచి తూకం వేస్తున్నారు. తేడా ఒకటే: మనకు పొట్టు తీసింది, పిట్టకు పొట్టుతో ఉన్నది.

ఈ పొట్టు దగ్గరే కొత్తవాళ్ళ ఇళ్ళలో పిట్టలు చచ్చేది. బడ్జీ గింజను అట్లాగే మింగదు. ముక్కులో తిప్పి, పొట్టు ఒలిచి, పప్పు మింగి, పొట్టును అదే గిన్నెలోకి వదిలేస్తుంది. సాయంత్రానికి గిన్నె నిండుగానే కనబడుతుంది. ఊరికి పోతూ పెద్ద గిన్నె నిండా కొర్రలు పోసి, పక్కవాళ్ళకు "మేత ఉందో లేదో చూడండమ్మా" అని చెప్పిపోతారు. వాళ్ళు రోజూ చూస్తారు, గిన్నె నిండుగా ఉంటుంది. పిట్ట ఆకలికి పోతుంది. పొద్దున పూట గిన్నెను ముఖం దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఉఫ్ అని ఊదితే చాలు. ఎగిరిందంతా పొట్టు, అడుగున మిగిలింది మేత.

కొర్రలొక్కటే చాలా అన్నదాని మీద తగువు ఉంది. పొడి గింజలే పెడితే విటమిన్ ఎ, అయోడిన్, సున్నం తగ్గుతాయన్న మాట నిజం. అయోడిన్ తగ్గితే గొంతు లోపల థైరాయిడ్ ఉబ్బుతుంది, ఊపిరి తీసేటప్పుడు కిచుకిచుమని సన్నటి చప్పుడు వస్తుంది. ఇంగ్లండు, అమెరికా పుస్తకాలు గింజలు తగ్గించి ఫ్యాక్టరీ గుళికలు పెట్టమంటాయి. వాటి ఖరీదు మన వీధికి పొసగదు. గింజకు అలవాటుపడ్డ పిట్టను ఒక్కసారిగా వాటిలోకి మారిస్తే తినక చిక్కిపోతుంది కూడా. మధ్యమార్గం మన పెరట్లోనే ఉంది. కొర్రలు, సామలు, కొంచెం రాగులు. రోజూ గుప్పెడు కొత్తిమీరో మునగాకో. పాలు పట్టిన రాగి వెన్ను దొరికితే దానికి పండగే. వానాకాలపు గడ్డిగింజకు అంతకంటే దగ్గరిది ఇంకొకటి లేదు. సున్నానికి సముద్రపు నురుగు, అంగట్లో కటిల్ బోన్ అంటారు, ఎప్పుడూ కట్టి ఉంచాలి. అవకాడో, చాక్లెట్, ఉప్పు వేసిన తిండి ఏదీ వద్దు. ఇసుక పెట్టాలా వద్దా అని కొట్టుకునేవాళ్ళుంటారు. పొట్టు ఒలుచుకు తినే పిట్టకు అది తప్పనిసరి కాదు, పెట్టినా చిటికెడు మించకూడదు. కోలారు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని మనం బిందె పట్టుకుని శుద్ధనీటి యంత్రం దగ్గరికి పోతాం కదా, ఆ బిందెలోంచే ఒక గ్లాసు పిట్టకూ పోస్తే పోయేదేముంది?

పంజరం ఎత్తుకన్నా పొడుగు ముఖ్యం. ఈ పిట్ట ఎగిరేది అడ్డంగా. గుండ్రటి పంజరం చూడ్డానికే బాగుంటుంది. వంటింట్లో అసలు పెట్టకూడదు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకు వాసనైనా తెలియకముందే పిట్ట ప్రాణం తీస్తుంది. పక్షుల ఊపిరి అమరిక అట్లాంటిది; బొగ్గుగనుల్లోకి కానరీ పిట్టలను పట్టుకుపోయింది అందుకే. దోమల కాయిల్ పొగ, పూజగది సాంబ్రాణి కూడా పంజరానికి దూరంగా ఉండాలి. ఇక చప్పుళ్ళ సంగతి. మన కేజీఎఫ్ గని ఊళ్ళ పెద్దవాళ్ళు ఎయిర్ బ్లాస్ట్ అనే మాట ఇప్పటికీ వాడతారు. భూమి లోపల రాయి పగిలి పైన ఇళ్ళు అదిరేవట. గనులు 2001లో మూతపడ్డాయి. ఇప్పుడు బడ్జీలను అర్ధరాత్రి అదరగొట్టేది దీపావళి టపాకాయలు, పంజరం మీదికి దూకే పిల్లి. చీకట్లో బెదిరితే ఊచలకు కొట్టుకుని రెక్కలు విరుచుకుంటాయి. చిన్న బెడ్‌ల్యాంప్ ఒకటి వెలిగించి ఉంచితే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు కుండ సంగతి. గూడుకు మట్టికుండా, చెక్కపెట్టా? విదేశీ పుస్తకాలన్నీ పెట్టెనే పొగుడుతాయి. కుండ చవక, చల్లన, పగిలితే ఇంకొకటి. మా ఊళ్ళో దానికే ఓటు. దానిలో ఒక మేలు ఉంది: అడుగు గుండ్రన. చదును చెక్క మీద పెరిగిన పిల్లల కాళ్ళు రెండు పక్కలకూ జారిపోయి కప్ప కాళ్ళలా తయారవుతాయి. పెట్టె పెట్టేవాళ్ళు అడుగున గుంట తొలిపించుకోవాల్సింది అందుకే. కుండలో కీడూ ఉంది: కంతలోంచి చెయ్యి పట్టడం కష్టం, లోపల ఏం జరుగుతోందో సరిగా తెలియదు, చచ్చిన పిల్లను తీయడం తిప్పలు. మూత తీసి చూసే వీలున్న పెట్టె ఉంటే నేను దానికే మొగ్గుతాను. ఎన్ని ఆడపిట్టలుంటే అంతకు రెట్టింపు గూళ్ళు పెట్టాలి, అన్నీ ఒకే ఎత్తులో. లేకపోతే పైగూటి కోసం ఆడవి రెండూ రక్తాలు కారేలా కొట్టుకుంటాయి. చూడ్డానికి చిన్న పిట్టే గానీ, గూడు దగ్గర ఆడ బడ్జీకి జాలి లేదు. పక్కదాని పిల్లలను చంపడానికీ వెనుకాడదు. ఒకే పెద్ద పంజరంలో అన్నిటినీ కలిపి ఈనించడం కంటే జతకో పంజరం నయం అనేది అందుకే.

గూడు గుడ్లకు చోటు మాత్రమే కాదు. 1960లలో అమెరికాలో బార్బరా బ్రాక్‌వే ఈ పిట్టల మీద చేసిన పరిశోధనలో తేలింది, మగపిట్ట మెల్లగా గొణిగే కూత చెవిన పడితే ఆడదాని కడుపులో గుడ్లు ఎదగడం మొదలవుతుందని. దానికి తోడు గూటి చీకటి. చీకటి కంతలో ముడుచుకు కూర్చుంటే దాని ఒళ్ళు "సమయం వచ్చింది" అనుకుంటుంది. అంటే కుండ కట్టడమే ఈనమని చెప్పడం. కుండ దించడమే ఆగమని చెప్పడం. మేతా నీళ్ళూ మనం ఆపలేం, మగదాని గొంతు నొక్కలేం. మన చేతిలో ఉన్న కళ్ళెం ఆ ఒక్క కుండే.

ఏడాది నిండని పిట్టకు కుండ కట్టకూడదు. కట్టిన వారం పది రోజులకు మొదటి గుడ్డు, తర్వాత రోజు విడిచి రోజు ఒక్కోటి, నాలుగు నుంచి ఆరు. పొదిగేది ఆడదే, మగది మేత తెచ్చి కంత దగ్గర నోటికి అందిస్తుంది. పొదిగిన అయిదారు రోజులకు టార్చి మీద పెట్టి చూస్తే సాలెగూడు లాంటి ఎర్ర నరాలు కనబడతాయి. పిల్లలు కూడా రోజు విడిచి రోజు బయటపడతాయి కాబట్టి పెద్దదానికీ చిన్నదానికీ పది రోజుల దాకా తేడా ఉంటుంది. బొమికెకు తోలు కప్పినట్టు పుట్టి, పది రోజులకు కళ్ళు తెరిచి, నెలా అయిదు రోజులకు గూడు దిగుతాయి. ఇంకో వారం పది రోజులు తండ్రే నోట పెడుతుంది. పిల్లలున్న రోజుల్లో ఉడకబెట్టిన గుడ్డు చిదిపి, నానబెట్టి మొలకెత్తించిన గింజలు కలిపి పెట్టాలి. రెండు గంటలు దాటితే తీసేయాలి, ఎండాకాలం పులిసిపోతుంది. మన దగ్గర ఎర్రచీమలు పెద్ద శత్రువులు. ఒక్క రాత్రిలో గూడు ఖాళీ చేస్తాయి. పంజరం కాళ్ళు నీళ్ళ చిప్పల్లో పెట్టడమే మందు.

ఒక ఈత అయ్యింది, పిల్లలింకా బయటికి రాలేదు, తల్లి అప్పుడే వాటి పక్కనే మళ్ళీ గుడ్లు పెట్టేస్తుంది. చూసినవాళ్ళకు లాభంలా కనబడుతుంది. అడిగితే జతకు కొన్ని వందలు వస్తాయి కదా అంటారు. ముప్ఫై అయిదు గ్రాముల పిట్ట. ప్రతి గుడ్డు పెంకుకూ సున్నం దాని ఒంట్లోంచే పోవాలి. మూడో ఈతకో నాలుగో ఈతకో, ఎక్కువగా పుష్యమాసపు చలిరాత్రి, గుడ్డు లోపలే చిక్కుకుంటుంది. పొద్దున చూస్తే ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని ఉంటుంది, తోక పైకీ కిందికీ ఊగుతుంటుంది. దాన్ని వెంటనే వెచ్చన చేయాలి, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. పాల జిల్లా మనది; ఇక్కడి పశువుల డాక్టర్ల చెయ్యి సీమావుల మీద తిరిగినంతగా చిటికెడు పిట్ట మీద తిరిగి ఉండదు. పిట్టల డాక్టరు కావాలంటే బెంగుళూరు రైలెక్కాలి. ఆ ప్రయాణం రాకుండా చూసుకోవడమే మంచిది. ఏడాదికి రెండు ఈతలు. రెండోది ముగిసి పిల్లలు సొంతంగా తినగానే కుండ దించేయాలి. మగవాటిని, ఆడవాటిని కొన్ని నెలలు వేరు చేస్తే ఇంకా నయం.

జబ్బుల గురించి ఎక్కువ చెప్పను. ముక్కు చుట్టూ తెల్లటి స్పంజిలా పొలుసులు కడితే అది కంటికి కనబడని పురుగు, ఐవర్‌మెక్టిన్‌తో పోతుంది. అయితే ఆవుకిచ్చే సూదిమందును అంచనాగా ఒక చుక్క వేసేవాళ్ళున్నారు, పురుగుతోబాటు పిట్టా పోతుంది. గూడు దిగిన పిల్లలకు రెక్క, తోక ఈకలు ఊడిపోతుంటే అది వైరస్. ఆ ఇంట్లో ఈనించడం ఆపాలి. కొత్త పిట్టను నెల రోజులు విడిగా పెట్టి చూడకుండా పాతవాటిలో కలపకూడదు. పిట్టల నుంచి మనుషులకు సోకే సిటకోసిస్ అనే జ్వరం ఒకటుంది. 1929-30లో కొన్ని దేశాలను బెదరగొట్టింది. రెట్ట ఎండిపోయాక చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిపి తుడవాలి. పంజరం కడిగిన చేతులతో పసిబిడ్డను ఎత్తుకోకూడదు.

చట్టం మాట చాలామంది అడుగుతారు. రామచిలకను పంజరంలో పెట్టడం నేరం. 1972 వన్యప్రాణి చట్టం మన దేశపు చిలకలన్నిటినీ కాపాడుతుంది. బడ్జీ మన అడవిది కాదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ పట్టికల్లో చిలకలు దాదాపు అన్నీ ఉన్నాయి. లేనివాటిలో బడ్జీ ఒకటి. అందుకే విదేశీ జంతువులను నమోదు చేయించాలని 2024లో వచ్చిన నియమాలు దీన్ని తాకవు. ఆఫ్రికా గ్రే లాంటి పెద్ద చిలకలు సాకేవాళ్ళకు మాత్రం ఆ కాగితాలు తప్పవు.

ఇంకో మాట వింటూ ఉంటాం, పాపం పంజరంలో ఎందుకు, వదిలేయండి అని. శ్రావణమాసంలో పుణ్యానికి వదిలినవాళ్ళను చూశాను. అట్లా ఆకాశంలోకి ఎగిరిన ఒక పసుపు పిట్టను కాకులు మా కళ్ళముందే, రైల్వే గేటు దాటకముందే పట్టాయి. తరతరాలుగా గిన్నెలో తిన్న పిట్టకు ఈ కొండల్లో గింజ ఎక్కడుందో తెలియదు, మందా లేదు. వదిలేయడానికి మనసు ఒప్పితే, ఈనించకుండా ఉండడానికీ ఒప్పాలి.

మొన్న మాఘంలో మా ఇంట్లో రెండో ఈత ముగిసింది. అయిదు పిల్లలు, మూడు పచ్చ, రెండు నీలం. పిల్లలను వేరే పంజరంలోకి మార్చి, కుండ విప్పి, వేడినీళ్ళతో కడిగి ఎండలో బోర్లించాను. ఆడపిట్ట రెండు రోజులు కుండ ఉన్న మూలకే పోయి ఊచలు కొరికింది, తీగ ముడి కొసను ముక్కుతో లాగింది. మగది ఎప్పట్లా గొణుగుతూనే ఉంది. మూడో రోజు పొద్దున నీళ్ళు చల్లిన కొత్తిమీర కట్ట కట్టాను. ఆ తడి ఆకుల్లో దూరి, రెక్కలు విదిల్చి, తల నుంచి తోక దాకా తడుపుకుని, నీలగిరి కొమ్మ ఎక్కి ఈకలు దువ్వుకుంది. మూల వైపు చూడలేదు.